వెనకాల బండి

మాట్లాడదు. కాల్లో మేకు దిగినా మాట్లాడదు. ఇంటి గేటు గడియ తీసిన దగ్గర్నుంచి పిల్ల నోట ఒక్క ముక్క రాలేదు, వెనకాల స్కూటర్ మీద కూర్చున్న తల్లి మాత్రం లోపల్లోపల వాగుతూనే ఉంది, వాగుతూ కుడిచేత్తో యాక్సిలరేటర్‌ని వెంట్రుకవాసి తిప్పుతూ, ఎడమచేతి వేళ్లు బ్రేకు మీద ఆనించి, కాళ్లు రెండూ బండికి రెండుపక్కలా రోడ్డుకి జానెడు పైన వేలాడేసుకుని, బాతులా. బాతులా ఉన్నావని పిల్లే అంది ఒకసారి, మాట్లాడే రోజుల్లో. మనిషి పరుగుతో సమానంగా స్కూటర్ నడపడమంటే మాటలు కాదు, మరీ నిదానంగా పోనిస్తే బండి మొద్దునిద్రలో ఉన్నవాడిలా పక్కకి ఒరిగిపోతుంది, కాస్త పోనిస్తేనే నిలబడుతుంది, అందుకని ఆ నిలబడేంత వేగంలో బండిని పెట్టి, పిల్ల వీపు మీద కళ్లు పెట్టి, అలా పోతూ ఉండాలి, మణికట్టు లాగేస్తుంది, నడుము పట్టేస్తుంది, అయినా ఎవరడిగారు. ఒప్పందం అది. నువ్వు నా వెనక రావడానికి వీల్లేదని పిల్ల, రానివ్వకపోతే గడప దాటడానికి వీల్లేదని తను, రెండ్రోజులు ఇంట్లో గిన్నెలు మాత్రమే మాట్లాడుకున్నాక వాళ్ల నాన్న మధ్యలో పడి తేల్చాడు, వెళ్లు కానీ నోరెత్తకు, అదీ ఎత్తదు. తీర్పు చెప్పినవాడు హాయిగా ముసుగుతన్ని పడుకున్నాడు. లిఫ్టుల మెకానిక్కు, ఊళ్లోవాళ్లందరినీ తాళ్లకి వేలాడదీసి పైకీ కిందకీ లాగేవాడికి భయమంటే ఏం తెలుసు, తాడు తెగుతుందేమోనని అందరూ మెట్లెక్కితే నా ఉద్యోగం ఏం కావాలే అని జోకొకటి.

ఆ వీపు. ఆర్నెల్లుగా ఆదివారం వస్తే చాలు, ఈ వీపే. పసుపు బనీను మధ్యలో చెమట ముందు చిన్న మచ్చలా మొదలై, కాలువ గట్టెక్కేసరికి అరచేయంతై, పంపుహౌస్ చేరేసరికి నడుందాకా దిగుతుంది. మారథాన్ అంటేనే నలభై రెండు కిలోమీటర్లట, అది చాలదట వీళ్లకి, అల్ట్రా కావాలట, కొండల్లో, అడవిదారిలో, డెబ్బై కిలోమీటర్ల పైన, తెల్లవారి మొదలుపెడితే చీకటి పడ్డాక తేలేది. బండ్లు రానివ్వరట. ఆ ముక్క విన్నప్పటినుంచి ఆమెకి అన్నం సయించడం లేదు. ఇంకో మూడు వారాలు. ఆ దారిలో పిల్ల కాలు మడతపడి ఏ బండ కిందో పడుంటే ఎవరు చూస్తారు, పాము ఉంటే, పిచ్చివాడెవడైనా చెట్టు వెనక ఉంటే, అసలు ఏ పిచ్చివాడూ లేకపోయినా గుండె ఆగితే, పేపర్లో వేశారుగా, ఎవడో ముప్పయ్యేళ్లవాడు జిమ్ములో నిలువునా కూలిపోయాడని, ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది తను, సాయంత్రానికి దాని మీద ఎవరో కరెంటు బిల్లు అంటించారు.

అంతా ఆ విజిల్‌గాడి వల్ల. పరుగులు నేర్పేవాడు, వాడికో పేరుంది గానీ ఆ పేరు తన ఇంట్లో పలకనివ్వదు, మెళ్లో విజిల్ వేసుకు తిరుగుతాడు కాబట్టి విజిల్. చెప్పుల షాపుకొచ్చినవాడు చెప్పులు కొనుక్కుని పోవాలి గానీ, కాళ్ల ముందు వంగి సైజు చూస్తున్న పిల్లతో, నువ్వు నిలబడే తీరు బాగుందమ్మా, ఎప్పుడైనా పరిగెత్తావా అని అడగడం ఏమిటి. నిలబడే తీరు! పొద్దస్తమానం పరాయివాళ్ల పాదాల దగ్గర కూర్చుని లేచే పిల్ల, ఎవరైనా ఒక మంచిమాట అంటే చాలు కరిగిపోతుంది, వాడికి తెలుసు. సంబంధాలు చూద్దామంటే ఆదివారాలు ఖాళీ లేవంటుంది. గోళ్లు నల్లబడి రాలిపోయాయి, ఆడపిల్ల కాలిగోళ్లు, రాలిపోతే నవ్వుతుంది, బూటు ఇంకో సైజు పెద్దది తీసుకోవాలమ్మా అంటుంది. నిన్న మధ్యాహ్నం వాడు ఫోన్ చేశాడు, పిల్ల పిండి కలుపుతోంది, చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టింది, అందుకని తనూ విన్నది, వినకూడదని చెవులు మూసుకునే రకం కాదు కదా.

"నువ్వు పంపిన టైములు చూశాను, మొదటి గంట ఎందుకమ్మా అలా తరుముకుపోతావు? కిలోమీటరుకి ఎనిమిది నిమిషాలు అన్నాను. ముసలమ్మ పరుగు పరిగెత్తమన్నాను. పక్కన మనిషుంటే కబుర్లు చెప్పుకుంటూ పోవాలి, అంత నిదానంగా. వింటావు, తలూపుతావు, రోడ్డెక్కగానే ఎవరో వెంటబడినట్టు పోతావు, చివర్లో కూలబడతావు. దూరం పెంచినప్పట్నుంచీ, ఆరువారాలుగా ఇదే తంతు."

"ఈసారి చూసుకుంటాను సార్."

"ఈసారే. రేపు కూడా తిరిగొచ్చేటప్పుడు కూలబడ్డావంటే నీ పేరు నేనే తీసేయిస్తాను. కొండల్లో నిన్ను మోసుకురావడానికి నా దగ్గర మనుషుల్లేరు."

పిల్ల పిండి పిసుకుతూనే ఉంది, చాలాసేపు, ముద్ద రాయైపోయేదాకా. తను కూరగాయలు తరుగుతోంది. తరుగుతున్న చేయి ఎంత తేలికైపోయిందో, ఆ క్షణం, సిగ్గు లేకుండా చెప్పుకోవాలంటే పండగ. మొదటిసారి విజిల్‌గాడి నోట మంచిమాట విన్నది. కూలబడుతుందిలే, ఎన్నిసార్లు చూడలేదు. పోయిన ఆదివారం కరెంటు స్తంభం పట్టుకుని వాంతి చేసుకుంది, పచ్చటి నీళ్లు, వీపు రాస్తానని పోతే మోచేత్తో తోసేసింది. అంతకుముందు వారం పిక్క పట్టేసి రోడ్డు మధ్యలో కూర్చుండిపోయింది, కారువాడు హారన్ కొట్టి బూతులు తిడితే వాడి కారు అద్దం మీద తను నీళ్ల సీసా విసిరింది. అంతకుముందు, గుట్ట ఎక్కి దిగే పరుగుల రోజు, ఏడ్చింది, శబ్దం లేకుండా, ముక్కు చీదుకుంటూ, దిగి ఎక్కి, దిగి ఎక్కి, చివరికి ఎక్కలేక బండి వెనక సీటెక్కి ఇంటికొచ్చింది, తల తన వీపుకి ఆనించలేదు, దారంతా వెనక కడ్డీ పట్టుకుని ఎడంగా కూర్చుంది. ఆ ఎడం. వేళ్లు నాలుగు దూరేంత ఎడం. తొమ్మిది నెలలు ఏ ఎడమూ లేకుండా మోసినదాని వీపుకి ఆ ఎడం ఎంత చల్లగా తగిలిందో వాళ్ల నాన్నకేం తెలుసు.

పక్కనుంచి పాలవ్యాను పోయింది. అది కనుమరుగయ్యేదాకా ఆమె కళ్లు దాన్ని వదల్లేదు. ఏ వ్యాను పోయినా అంతే, పాలవ్యాను పోతే మరీ. ఆస్పత్రి లాండ్రీలో ఆమె పని దుప్పట్లు వేరుచెయ్యడం, వార్డుల నుంచి మూటలు వస్తాయి, మూట విప్పి రక్తం ఉన్నవి ఒక తొట్టిలో, లేనివి ఒక తొట్టిలో, మధ్యలో దొరికేవి ఒక బుట్టలో, కళ్లజోళ్లు, పళ్లసెట్లు, ఒకసారి ఉంగరం ఉన్న దారం. పోయిన సంవత్సరం ఎమర్జెన్సీ మూటలోంచి బూటు పడింది. ఒకటే. పరుగుల బూటు, ఆడవాళ్లది, లేతనీలం, కొత్తది, అడుగున చారలు కూడా అరగలేదు. తాడు రెండు ముళ్లు వేసి ఉంది, ఊడిపోకుండా, జాగ్రత్తగా. వార్డు ఆయాని అడిగింది, ఎవరిదే ఇదని. పొద్దున్నే పరిగెత్తుకుంటూ పోతుంటే పాలవ్యాను గుద్దిందటక్కా అని ఆయా అంది, ఉందా పోయిందా అని తను అడగలేదు, ఆయా చెప్పలేదు. అంత జాగ్రత్తగా ముడేసుకున్న బూటు ఎలా ఊడిందో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు. ఆ తర్వాత రెండు నెలలకి పిల్ల ఇంటికి అట్టపెట్టె తెచ్చి, షాపులో సగం ధరకి ఇచ్చారమ్మా అని మూత తీసింది. లేతనీలం కాదు, ఎరుపు. ఎరుపు చూసి ఇంకా భయమేసింది. ఆ నీలం బూటు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే ఆ మాట ఇంట్లోకొచ్చేస్తుందని, గడపలో కూర్చుంటుందని. చెప్పకుండా, స్కూటర్ తాళం తీసుకుంది.

కాలువ గట్టు మీద మట్టి ఊడుస్తున్న మనిషి చీపురానించి నిలబడ్డాడు, ప్రతి ఆదివారం చూస్తాడు, ప్రతిసారీ ఏదో ఒకటి అంటాడు, అనకపోతే వాడికి పొద్దుపోదు.

"ఏమ్మా, ఇవాళ కూడా తోలుకుపోతున్నావా పిల్లని?"

"నీ పని నువ్వు చూసుకో."

"నాదేముంది, ఊడ్చినచోటే దుమ్ము. ఆ అమ్మాయి కాళ్లు చూడు, గేదె పిల్లని తోలినా అంత గట్టిగా తోలరు!"

వాగుడుకాయ. తోలడమట. ఎవరు ఎవర్ని తోలుతున్నారు, ఇది పరిగెడుతుంటే తను వెనకబడి వస్తోంది గానీ, కళ్లున్నవాడికి ఎవరికైనా తెలుస్తుంది, ముందున్నది పోతుంటే వెనకున్నది వస్తుంది. తోలుతారట. ఒళ్లు మండి బండి ఇంకాస్త ముందుకి పోయింది, పిల్ల కూడా ఇంకాస్త ముందుకి పోయింది. ఆమె తగ్గించింది, బండి ఒరిగింది, కాలు ఆనించి లేపి మళ్లీ పోనిచ్చింది, ఆ ఒక్క క్షణం పిల్ల కూడా, భుజాలు దింపి, చేతులు వదులు చేసి, నడుస్తున్నంత తీరిగ్గా అయింది, మళ్లీ బండి చప్పుడు దగ్గరకి రాగానే భుజాలు చెవుల దగ్గరికి లేచాయి. ఇదేదో వింతగా ఉందే అనుకుంది. అనుకుని వదిలేసింది, ఎదురుగా రెండు కుక్కలు, ఒకటి కుంటిది, కుంటిదే మొదట కరుస్తుంది, హారన్ కొట్టింది, కుక్కలు లేవలేదు గానీ పిల్ల ఎగిరిపడ్డంత పని చేసింది.

ఇక ఆగలేకపోయింది. ఒప్పందం గిప్పందం, గంగలో కలవనీ. "నీళ్లు తాగవే" అంది. జవాబు లేదు. "నిన్నే. నీళ్లు." లేదు. పొగరు. ఎంత పొగరు పెరిగింది దీనికి, పాదాలు పట్టి పెద్దచేసినందుకు, స్కూలు మెట్ల మీద పడి గడ్డం పగిలినప్పుడు కుట్లేస్తుంటే తను కళ్లు తిరిగి పడిపోయినందుకు, జ్వరం వస్తే వేడి దిగిందా లేదా అని అరగంటకోసారి లేచి చూసినందుకు, ఒక్క మాట, ఊ అంటే ఏం పోయింది. బండిని ఇంకా దగ్గరకి తెచ్చింది, పక్కకి, చెవి దాని వైపు పెట్టి. ఊపిరి వినపడింది. ఊపిరి కాదది. రంపం కోత. ఇంకా కాలువ గట్టు సగం కూడా దాటలేదు, ఇంకా వెనక్కి తిరగనే లేదు, అప్పుడే పిల్ల ఊపిరి గొంతులో రాసుకుంటూ వస్తోంది, పోతోంది, పెదవులు కదిలాయి, ఊ అనబోయి, ఆ ఊ కూడా ఊపిరిలో కొట్టుకుపోయింది.

మాట్లాడకపోవడం కాదు. మాట్లాడలేకపోవడం.

పక్కన మనిషుంటే కబుర్లు చెప్పుకుంటూ పోవాలి, అన్నాడు వాడు. ఎవరో వెంటబడినట్టు పోతావు, అన్నాడు. చదువు తక్కువదే గానీ, రెండు తొట్లలోకి దుప్పట్లు వేరుచేసే చేతులకి ఇది వేరుచెయ్యడం రాకపోదు. బండి నిలబడాలంటే ఒక వేగం కావాలి. ఆ వేగం పిల్ల పోవాల్సినదానికంటే ఎక్కువ. బండి తగ్గదు, బండి చప్పుడు చెవిలో దూరుతుంటే పిల్ల కాళ్లు తగ్గవు. నీ బండి చప్పుడు నా మెడ మీద కూర్చుంటోందమ్మా అని మొదట్లోనే అంది, మాట్లాడే రోజుల్లో, తను వెటకారం అనుకుంది. ఆరువారాల వాంతులు, పిక్కలు పట్టడాలు, గుట్ట మీద ఏడుపు, ఇవన్నీ మొదటి గంటలో, ఈ గట్టు మీద, తన చేతికింద తయారైనవి. పంపుహౌస్ నుంచి తిరిగి రావడంలో కూలబడేది పిల్ల, కూలదోసేది తను.

గుండె గుభేలుమనాలి. అనలేదు. నిజం చెప్పాలంటే, ఆ మొదటి క్షణం, ఆమె లోపల ఏదో నవ్వింది. ఏడ్చి, తిట్టి, అన్నం మానేసి, పేపరు కత్తిరించి అంటించి, మేనమామ చేత చెప్పించి సాధించలేనిది ఇన్నాళ్లూ తన కుడి మణికట్టులో ఉంది. ఏమీ చెయ్యక్కర్లేదు. ఇలాగే పోతూ ఉంటే చాలు. ఇంకో అరగంట. తిరుగుదారిలో అది పడుతుంది, ఎక్కడో ఒకచోట, మెత్తగా, రోడ్డు మీదే, తన కళ్ల ముందే, నీళ్లుంటాయి, బండి ఉంటుంది, ఎక్కించుకుని ఇంటికి తెస్తుంది. విజిల్‌గాడు పేరు కొట్టేస్తాడు. అడవి లేదు, కొండ లేదు, పాము లేదు, పిచ్చివాడు లేడు. రెండు నెలలు ఏడుస్తుంది, ఏడవనీ, ఏడ్చే పిల్ల బతికున్న పిల్ల. ఎవరికి తెలుస్తుంది. విజిల్‌కి తెలీదు, వాళ్ల నాన్నకి తెలీదు. పైగా తప్పేముంది, కన్నతల్లి వెనకాల రాకూడదా. ఆమె మణికట్టు, దానంతట అదే, తిరిగింది. వెంట్రుకవాసి కాదు, వడ్లగింజంత. ఇంజను గొంతు మారింది. ముందు పసుపు బనీను ఉలిక్కిపడ్డట్టు కదిలి వేగం పెంచింది. ఎంత తేలిక. ఇంత తేలికా. ఇంకో గింజంత తిప్పింది. పిల్ల కాళ్లు, ఆ ఎర్ర బూట్లు, పాపం అవి, టకటకటకా. పరిగెత్తు. పరిగెత్తవే, ఎంతదూరం పరిగెడతావో నేనూ చూస్తా, నన్ను వదిలి ఎంతదూరం పోతావో, నా పొట్టలో ఇంత బండరాయి పెట్టి ప్రతి ఆదివారం నవ్వుతూ బూటు తాళ్లు ముడేసుకుంటావు కదా, పరిగెత్తు. ఆమె పళ్లు బిగుసుకున్నాయి, కళ్లలో నీళ్లు గాలికి వచ్చాయో ఎందుకొచ్చాయో, రెండు మైలురాళ్లు అలా పోయాయి, ఇద్దరూ, ఒకరి కోపం మీద ఒకరు.

గట్టు అక్కడ పడమటికి తిరుగుతుంది. తిరగ్గానే ఎండ వీపు మీద పడింది, అప్పుడే లేచిన ఎండ, అడ్డంగా, పొడుగ్గా, ఆ ఎండలో రోడ్డు మీద నీడ సాగింది. బండి నీడ. హెల్మెట్ పెట్టుకున్న పెద్ద తలకాయ, రెండుపక్కలా కొమ్ముల్లా హ్యాండిల్, కింద విడిపోయి వేలాడే కాళ్లు. ఆ నీడ పాకుతూ పోయి పిల్ల మడమలందుకుంది, పిక్కలెక్కింది, నడుం మీదికొచ్చింది. పిల్ల తల వంచి కిందకి చూసింది. నీడ చూసింది. మోచేతులు దగ్గరికి లాక్కుని, మెడ లోపలికి ముడుచుకుని, ఎడమపక్కకి జరిగింది, నీడ కూడా జరిగింది. కుడిపక్కకి జరిగింది. వెనక్కి తిరిగి చూడలేదు, అడుగు తప్పింది, సర్దుకుంది, నోరు తెరుచుకుని, నీడలోంచి బయటపడ్డానికి ఇంకా, ఇంకా.

ఆమెకి ఈ దృశ్యం తెలుసు. ఆర్నెల్లుగా కళ్లు మూసుకుంటే చాలు కనపడేది ఇదే, అచ్చం ఇదే, మనిషి లేని రోడ్డు, ముందు తన పిల్ల ఒక్కతే, వెనకాల బండి మీద ఎవడో. వాడి మొహం ఎప్పుడూ కనపడేది కాదు. తాగుబోతని ఒకరోజు, లారీవాడని ఒకరోజు, చెప్పుల షాపుకొచ్చి పాదం ముందుకి చాచి వెకిలిగా నవ్వే వెధవెవడో అని ఒకరోజు, ఎంత తలకొట్టుకున్నా మొహం ఉండాల్సినచోట గుండ్రంగా నల్లగా ఉండేది. హెల్మెట్. తన తల మీదే ఉంది. దీని పట్టీ తన గడ్డం కిందే ఒరుసుకుంటోంది. పిల్ల వెనక పడ్డవాడు దొరికాడు.

బ్రేకు ఎప్పుడు పట్టిందో, బండి ఎప్పుడు ఆగిందో, తాళం ఎప్పుడు తిప్పిందో. ఇంజను ఆగిపోయాక కాలువలో నీళ్లు కదిలే చప్పుడు ఒక్కసారిగా పైకి లేచింది. ముందు పిల్ల ఇంకో పదడుగులు పరిగెత్తి, చప్పుడు లేకపోవడం విని, ఆగి, తిరిగింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగింది. మొహం ఉడికిపోయి ఉంది, ఎర్రగా, చెంపల మీద తెల్లటి ఉప్పు చారలు.

"ఏ... మైంది?"

"ఏం కాలేదు. పో."

"పెట్రోలు... అయిపోయిందా?"

"నీలా తెలివితక్కువదాన్ని కాదు, నిన్నే పోయించాను."

"మరి?"

"నేను వెనకాల వస్తున్నానని ఆ విజిల్‌గాడికి చెప్పావా?"

పిల్ల నిటారుగా లేచింది. మాట్లాడలేదు, ఈసారి ఊపిరి అందక కాదు.

"పేరు తీసేస్తానన్నా చెప్పలేదా?"

"ఏమని చెప్పమంటావు? ఇరవై ఆరేళ్లొచ్చాయి సార్, ఇంకా మా అమ్మ స్కూటర్ మీద వెనక వస్తుంది అనా? అక్కడ అందరూ నవ్వుతారు. తీసేస్తే తీసేశాడు, నవ్వితే నేను తట్టుకోలేను."

"నాకు చెప్పి చావొచ్చుగా."

"చెప్పాను! మెడ మీద కూర్చున్నట్టుందని చెప్పాను. మెడ మీద కూర్చోబెట్టుకుని పెంచాను, ఇప్పుడు నీ వంతు అన్నావు. గుర్తుందా? నువ్వు నాకోసం రావట్లేదమ్మా. నేను పడిపోతే చూడ్డానికి వస్తున్నావు. ప్రతివారం పడుతున్నాగా. ప్రతివారం నీళ్ల సీసా ఎంత సంతోషంగా తెస్తావో తెలుసా? నీ మొహం నీకు కనపడదు."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది ఆమెకి. అందులో అబద్ధం ఒక్క ముక్కైనా ఉంటే కొట్టేదే. చేతికి ఏదో పని కావాలి, సీటు తెరిచి సీసా తీసింది, పిల్ల అందుకోలేదు, అందుకునేదాకా చాచిన చేయి దించలేదు, చివరికి అందుకుంది, తాగింది, ఇద్దరూ కాలువ వైపు చూశారు, చూడ్డానికి అక్కడ ఏమీ లేదు.

"ఎంతసేపైంది ఇంట్లోంచి బయల్దేరి?" అంది.

"నలభై నిమిషాలు."

"మించిపోయిందా?"

పిల్ల కళ్లు చిట్లించి చూసింది, ఇందులో మెలిక ఏముందా అన్నట్టు. "లేదు. ఇక్కడ్నుంచైనా నిదానంగా పోతే... ఏమో. సరిపోవచ్చు. సరిపోకపోవచ్చు."

"అయితే పో. ముసలమ్మలా పో, అన్నాడుగా. నేను ముందు పోతున్నా."

"ముందా?"

"చెవుడా? పంపుహౌస్ దగ్గరుంటా. నీ వెనక రాను, పక్కన రాను, మధ్యలో ఆగను."

"కుక్కలుంటే?" పిల్ల పెదవి ఒకపక్కకి వంగింది, ఎగతాళి, తన మాటలు తనకే తిరిగి వడ్డించడం. "తాగుబోతులుంటే? ఎవడైనా లాగేస్తే?"

"కుక్కలుంటే కరిపించుకో."

అనేసింది. తన నోటితో. ఆ మాట గాల్లో నిలబడి ఉండగానే వెనక్కి లాక్కుందామన్నంత భయం, ఎక్కడైనా వింటారేమో, నిజం చేస్తారేమో, నాలుక్కరుచుకుని తాళం తిప్పింది. బండి అందుకోలేదు. రెండోసారి తన్నితే అందుకుంది. పిల్ల రోడ్డు మధ్యలోనే నిలబడి ఉంది, దారివ్వకుండా, సీసా చేతిలో పట్టుకుని, ఏదో అనబోతున్నట్టు.

"తప్పుకోవే," అని అరిచింది ఆమె. "నీ మొహం చూస్తూ కూర్చుంటే నాకు తెల్లారుతుందా!"

పిల్ల తప్పుకుంది. ఆమె పక్కనుంచి పోయింది. మనసు ఎప్పుడు మారుతుందోనని వేగంగా పోయింది, స్కూటర్ పోవాల్సినట్టు, కాళ్లు పైకి పెట్టుకుని. ఆర్నెల్లలో మొదటిసారి ముందు ఏ వీపూ లేదు, ఖాళీ రోడ్డు మొహం మీదికి వస్తోంది, ఎక్కడ చూడాలో కళ్లకి తెలియడం లేదు. కుడిపక్క అద్దం వంగి తన భుజాన్ని చూపిస్తోంది, ఎప్పుడూ అంతే, చూసే పని పడలేదు, చేత్తో తిప్పింది, ఆకాశం, చెట్లకొసలు, రోడ్డు, ఇంకాస్త తిప్పింది, పిల్ల. పరిగెత్తడం మొదలుపెట్టింది. ముందు వైపు నుంచి దీన్ని ఎప్పుడూ చూడలేదు తను. అద్దంలో గోరంత మొహం, నవ్వు లేదు, ఏడుపు లేదు, బాధ కూడా కాదు, షాపులో చిన్నపిల్లల కాలికి బూటు తొడిగేటప్పుడు ఉంటుందే, ఆ మొహం, పని చేసుకుంటున్న మొహం. భుజాలు కిందున్నాయి. నిదానంగా వస్తోంది, ఎంత నిదానమంటే ఏ ఆదివారమూ దీన్ని ఇంత నిదానంగా చూడలేదు, నిదానం వల్ల అద్దంలో తొందరగా చిన్నదైపోతోంది, బియ్యపుగింజంత, ఆవగింజంత.

మలుపొచ్చింది. నీలగిరి చెట్లు అడ్డమొచ్చాయి. అద్దంలో రోడ్డు మాత్రం మిగిలింది.

ఎదురుగా లారీ వస్తోంది. ఇసుక లారీ, మీద టార్పాలిన్ ఒకపక్క ఊడి కొట్టుకుంటూ, డ్రైవరు ఒకచేత్తో స్టీరింగు, ఒకచేత్తో ఫోను. ఆమె హారన్ కొట్టింది, ఆగకుండా, పొడుగ్గా, వాడు తలెత్తి చూసి, బూతేదో పెదాలతో అని, ఆమెని దాటి, ఆమె వచ్చిన దారిలోకి, మలుపు వైపుకి పోయాడు. అద్దంలో లారీ వెనకభాగం. దుమ్ము. లారీ మలుపు తిరిగింది. చేతులు రెండూ బండిని వెనక్కి తిప్పేస్తున్నాయి, ముందు చక్రం అప్పుడే పక్కకి వాలింది, తలలో బ్రేకు కీచుమన్న శబ్దం, ఒక బూటు, ఎర్రది, రెండు ముళ్లు, అన్నీ వచ్చేశాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఆమె అటు చెవి పెట్టింది, తన ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు, ఆపి వింటే వినపడుతుంది, ఒక్క నిమిషం ఆపితే చాలు, వెళ్లి చూస్తే చాలు, దూరంనుంచి, దానికి తెలియకుండా, చెట్ల చాటునుంచి ఒక్కసారి.

వాలిన చక్రాన్ని తిన్నగా చేసింది. గట్టిగా ఏడ్చింది, హెల్మెట్ లోపల, నోరంతా తెరిచి, విజిల్‌గాణ్ణి తిట్టింది, లారీవాణ్ణి తిట్టింది, పిల్లని పేరుపెట్టి పిలిచి తిట్టింది, మలుపు అవతల ఏమైందో తెలియకుండానే పంపుహౌస్ వైపు పోతూ ఉంది.